తుంగ పోయిందా, గడ్డ పోయిందా?



శనక్కాయ చేలో తుంగ మొలిచింది. పైపైన కోసేశాం. చేను శుభ్రంగా కనపడింది. పది రోజులు పోయాయి. ఒక వాన పడింది. తుంగ మళ్లీ లేచింది. ఎందుకు? పైన ఆకు పోయింది గానీ కింద గడ్డ పోలేదు. గడ్డ పోయిందో లేదో కోసిన రోజు తెలియదు. వాన పడినాక తెలుస్తుంది.

కొన్ని జబ్బులు కూడా అంతే. ఈ రోజు అలాంటి జబ్బు గురించి చదువుకుందాం. దాని పేరు హెపటైటిస్ సి. ఇది కాలేయానికి వచ్చే జబ్బు. కాలేయాన్నే మనం లివరు అంటాం. ఈ జబ్బుకు ఇప్పుడు మంచి మందు ఉంది. మందు వాడినాక జబ్బు నిజంగా పోయిందా? ఎట్లా తెలుసుకోవాలి? ఏ కాగితం చూడాలి? ఎప్పుడు చూడాలి? ఇదే మన పాఠం.

పెద్దక్క కమ్మలు

ఇది కథ. జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. అక్కడ ఒక అక్క ఉంది. కూలి పనికి పోతుంది. పుట్టిల్లు పులివెందుల పక్క. వయసు యాభై. ఆమెను మనం పెద్దక్క అందాం.

2024 చివర్లో పెద్దక్కకు గర్భసంచి ఆపరేషన్ చేయాలన్నారు. ముందుగా రక్తం పరీక్ష చేశారు. "నీ రక్తంలో హెపటైటిస్ సి గుర్తు ఉందమ్మా" అన్నారు. పెద్దక్క నమ్మలేదు. కామెర్లు రాలేదు. కడుపు నొప్పి లేదు. కొంచెం నీరసం, అంతే. "కూలి చేసేవాళ్లకు నీరసం లేకుండా ఉంటుందా?" అనుకుంది.

డాక్టరు అడిగితే ఒక సంగతి గుర్తుకు వచ్చింది. ముప్పై ఏళ్ల కింద మొదటి కాన్పు. రక్తం చాలా పోయింది. అప్పుడు ఎవరిదో రక్తం ఎక్కించారు. ఆ రక్తంతో వచ్చి ఉండవచ్చు అన్నాడు డాక్టరు.

సర్కారు ఆసుపత్రిలో ఇంకో పరీక్ష చేశారు. రక్తంలో వైరస్ ఉందని తేలింది. మందు ఇచ్చారు. రోజూ వేసుకోవాలి. మొత్తం 84 రోజులు. 2025 జనవరి 6, సోమవారం మొదలు పెట్టింది. గోడ మీద క్యాలెండరులో రోజూ ఒక గీత గీసింది. ఒక్క రోజూ తప్పలేదు. మార్చి 30, ఉగాది పండగ నాడు ఆఖరి మాత్ర వేసుకుంది.

"మూడు నెలల తర్వాత మళ్లీ రా తల్లీ. అప్పుడు ఒక పరీక్ష ఉంది" అని ఆసుపత్రిలో చెప్పారు.

మే నెలలో పెద్దక్కకు జ్వరం వచ్చింది. ప్రొద్దుటూరులో ఒక చోట చూపించుకుంది. అక్కడ మళ్లీ రక్తం తీశారు. "నీకు ఇంకా హెపటైటిస్ సి పాజిటివ్ ఉంది. మందు పని చేయలేదు. మళ్లీ మొదటి నుంచి వాడాలి. ముప్పై వేలు తెచ్చుకో" అన్నారు.

పెద్దక్కకు కాళ్లు చల్లబడ్డాయి. చెవుల కమ్మలు తీసి కొంగున ముడి వేసుకుంది. కుదువ పెట్టడానికి బయలుదేరింది. బస్సు కాడ ఆడబిడ్డ కనపడింది. ఆ ఆడబిడ్డ రాత్రి బడిలో చదువుకుంటోంది.

"వదినా, బోసి చెవులతో యాడికి పోతాండావు?"

"ప్రొద్దుటూరికి పాపా. మందు పని చేయలేదంట. మళ్లీ కొనాలంట."

"ఎవరు చెప్పినారు?"

"కాగితంలో ఉందంట."

"ఏ పరీక్ష కాగితం అది? ఏమని రాసినారు?"

పెద్దక్క బదులు చెప్పలేకపోయింది.

"అయితే ఈ పొద్దు బస్సు ఎక్కొద్దు. కాగితాలన్నీ తీసుకోని రా. మనం చదువుదాం. టీచరమ్మను అడుగుదాం."

ఆ సాయంత్రం ఇద్దరూ కాగితాలు పట్టుకుని బడికి వచ్చారు. వాళ్లతో పాటు మనమూ చదువుదాం.

ఈ జబ్బు ఏం చేస్తుంది?

వైరస్ అంటే కంటికి కనపడని సూక్ష్మజీవి. హెపటైటిస్ సి వైరస్ రక్తంలో చేరి కాలేయంలో కాపురం పెడుతుంది. కొంతమందికి ఆరు నెలల లోపల దానంతట అదే పోతుంది. ఎక్కువ మందికి పోదు. ఏళ్ల తరబడి ఉంటుంది. పైకి ఏమీ కనపడదు. లోపల కాలేయం మెల్లగా గట్టిపడుతుంది. జబ్బు నిలిచిపోయిన 100 మందిలో 15 నుంచి 30 మందికి ఇరవై ఏళ్లలో కాలేయం అట్లా గట్టిపడుతుంది. కొందరికి కాలేయంలో క్యాన్సర్ కూడా వస్తుంది. సారా తాగేవాళ్లకు ఈ చెడుపు ఇంకా తొందరగా జరుగుతుంది.

ఇది రక్తం నుంచి రక్తానికి వస్తుంది. ఒకరికి పొడిచిన సూది ఇంకొకరికి పొడిస్తే వస్తుంది. పరీక్ష చేయని రక్తం ఎక్కిస్తే వస్తుంది. పచ్చబొట్టు సూది, మంగలి కత్తి, రక్తం అంటిన బ్లేడు, వీటితో కూడా రావచ్చు. తల్లి నుంచి బిడ్డకు కొన్నిసార్లు వస్తుంది.

ఒకే కంచంలో తింటే రాదు. ఒకే గ్లాసులో నీళ్లు తాగితే రాదు. బిడ్డను ముద్దాడితే రాదు. పెద్దక్కకు అత్త గ్లాసు వేరు పెట్టింది. ఆ అవసరం లేదు.

ఈ వైరస్‌ను 1989లో కనుక్కున్నారు. అంతకు ముందు దీనికి పరీక్షే లేదు. రక్తం ఎక్కించేవాళ్లకు కూడా తెలిసేది కాదు. మన దేశంలో దానం చేసిన రక్తానికంతా ఈ పరీక్ష చేయడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఈ వైరస్ గుట్టు విప్పిన ముగ్గురికి 2020లో నోబెల్ బహుమతి ఇచ్చారు. వాళ్ల పేర్లు హార్వీ ఆల్టర్, మైకేల్ హాటన్, చార్లెస్ రైస్.

రెండు పరీక్షలు, రెండు అర్థాలు

పెద్దక్క దగ్గర రెండు రకాల కాగితాలు ఉన్నాయి.

ఒకటి యాంటీబాడీ పరీక్ష. వైరస్ ఒంట్లోకి వస్తే మన రక్తం దానితో పోరాడుతుంది. ఆ పోరాటం గుర్తు రక్తంలో మిగులుతుంది. ఆ గుర్తే యాంటీబాడీ. చిన్నప్పుడు అమ్మవారు పోసింది. తగ్గిపోయింది. ముఖం మీద మచ్చ ఉండిపోయింది. ఆ మచ్చ చూసి "ఇప్పుడు అమ్మవారు ఉంది" అంటామా? అనము. యాంటీబాడీ కూడా ఆ మచ్చ మాదిరే. జబ్బు నయమైనా అది చాలా మందికి జీవితాంతం ఉంటుంది. కాబట్టి ఈ పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన మందు పని చేయలేదని చెప్పకూడదు.

రెండోది ఆర్.ఎన్.ఎ. పరీక్ష. దీన్నే వైరల్ లోడ్ పరీక్ష అని కూడా అంటారు. ఇది మచ్చను చూడదు. వైరస్‌నే వెతుకుతుంది. ఇప్పుడు రక్తంలో వైరస్ ఉందా, లేదా? ఉంటే ఎంత ఉంది? అది చెబుతుంది. మందు మొదలు పెట్టక ముందు ఈ పరీక్ష చేయాలి. మందు పని చేసిందా లేదా చెప్పేది కూడా ఇదే.

కాగితం మీద "డిటెక్టెడ్" అని ఉంటే వైరస్ కనపడింది అని అర్థం. "నాట్ డిటెక్టెడ్" అని ఉంటే కనపడలేదు అని అర్థం. ఒక్క "నాట్" మాటలోనే అంతా ఉంది. ఆ మాటలు ఇంగ్లీషులో ఉంటాయి. మనకు ఇంగ్లీషు రాకపోతే సిగ్గు పడనక్కర లేదు. "ఇది యాంటీబాడీ పరీక్షా, ఆర్.ఎన్.ఎ. పరీక్షా?" అని అడగండి. జవాబు తెలుగులో రాయించుకోండి.

కొన్నిసార్లు కాగితంలో పెద్ద అంకె ఉంటుంది. మందుకు ముందు పన్నెండు లక్షలు, తర్వాత వెయ్యి అని ఉందనుకోండి. "చాలా తగ్గింది, ఇంక చాలు" అనుకోకూడదు. తుంగ గడ్డ ఒక్కటి మిగిలినా చేనంతా పాకుతుంది.

లివరు పరీక్ష అని ఇంకొకటి ఉంది. అందులో ఎస్.జి.పి.టి. అనే అంకె ఉంటుంది. కాలేయానికి దెబ్బ తగిలితే అది పెరుగుతుంది. మందు వాడినాక అది తగ్గితే మంచిదే. కానీ వైరస్ ఉన్నా కొందరికి ఆ అంకె మామూలుగానే ఉంటుంది. వైరస్ పోయినా సారా వల్లనో కొవ్వు వల్లనో కొందరికి పెరిగి ఉంటుంది. కాబట్టి అది సాక్ష్యం కాదు. "నాకు ఆకలి బాగుండాది, నీరసం పోయింది" అనేది కూడా సాక్ష్యం కాదు. బాగుండడం సంతోషమే. కానీ ఈ జబ్బు ఉన్నప్పుడు కూడా చాలా మంది బాగానే ఉంటారు.

ఎప్పుడు చూడాలి?

ఆఖరి మాత్ర వేసుకున్న రోజే పరీక్ష చేస్తే? మందు ఇంకా ఒంట్లో ఉంటుంది. వైరస్ అణిగి ఉంటుంది. కనపడకపోవచ్చు. అది తుంగ కోసిన రోజు చేను చూసినట్టే.

అందుకే మందు ఆపి 12 వారాలు ఆగాలి. 12 వారాలంటే 84 రోజులు. అప్పుడు ఆర్.ఎన్.ఎ. పరీక్ష చేయాలి. అప్పుడు కూడా వైరస్ కనపడకపోతే జబ్బు నయమైంది అంటారు. అట్లా నయమైన వాళ్లలో ఆ వైరస్ తిరిగి లేవడం చాలా అరుదు.

ఈ 12 వారాల లెక్క ఎట్లా వచ్చింది? వెనకటి డాక్టర్లు 24 వారాలు ఆగేవాళ్లు. తర్వాత వేల మంది కాగితాలు పోల్చి చూశారు. 12 వారాలకు వైరస్ లేనివాళ్లకు 24 వారాలకు కూడా దాదాపు అందరికీ లేదు. అందుకని 12 వారాలు చాలు అన్నారు.

వందలో ఎంత మందికి?

విత్తనం మంచిదో కాదో ఎట్లా చూస్తాం? 100 గింజలు తడి గోనెలో పెడతాం. ఎన్ని మొలిచాయో లెక్క పెడతాం. ఒక్క గింజ మొలిచిందని విత్తనం మంచిది అనము. ఒక్కటి మొలవలేదని చెడ్డది అనము.

మందుకు కూడా అదే లెక్క. 100 మంది మందు మొదలు పెడితే, ఆపిన 12 వారాలకు ఎంత మందికి వైరస్ లేదు? ఆ అంకె మందు బలం చెబుతుంది.

1990ల మొదట్లో ఇంటర్‌ఫెరాన్ అనే సూది మందు ఒక్కటే ఉండేది. వారానికి మూడు సూదులు. ఆరు నెలలు, కొందరికి ఏడాది. జ్వరం, ఒళ్లు నొప్పులు, దిగులు వచ్చేవి. ఇంత పడినా 100 మందిలో 20 మందికి కూడా నయం అయ్యేది కాదు. మందు వాడేటప్పుడు చాలా మందికి వైరస్ కనపడేది కాదు. ఆపిన కొన్ని నెలలకు తిరిగి వచ్చేది. ఆగి చూడాలనే పాఠం డాక్టర్లు అక్కడే నేర్చుకున్నారు. తర్వాత రిబావిరిన్ అనే మందు కలిపారు. సూదిని మార్చారు. అప్పుడు సుమారు సగం మందికి నయమైంది.

2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్ అనే మాత్ర వచ్చింది. ఒక్క మాత్ర ధర 1,000 డాలర్లు. 84 మాత్రలకు 84,000 డాలర్లు! 2015లో హైదరాబాదులోని నాట్కో, హెటిరో కంపెనీలు ఆ మందును చాలా తక్కువ ధరకు అమ్మడం మొదలు పెట్టాయి. ఇప్పుడు దీన్ని డక్లాటాస్‌విర్ గానీ వెల్పటాస్‌విర్ గానీ కలిపి ఇస్తారు. 100 మందిలో సుమారు 95 మందికి నయమవుతుంది.

2018 జులై 28న మన దేశంలో జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. దీని కింద నిర్ణయించిన సర్కారు ఆసుపత్రుల్లో పరీక్ష, మందు ఉచితం. మీకు దగ్గరలో ఏ ఆసుపత్రిలో ఇస్తారో ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను అడగండి.

ఈజిప్టు అనే దేశం ఉంది. అక్కడ వెనకట ఒక జబ్బుకు ఊరూరా సూదులు వేశారు. ఒకే సూది చాలా మందికి వాడారు. ఈ వైరస్ దేశమంతా పాకింది. 2018, 2019లలో వాళ్లు దాదాపు 5 కోట్ల మందికి రక్తం పరీక్ష చేశారు. జబ్బు ఉన్నవాళ్లకు ఉచితంగా మాత్రలు ఇచ్చారు. సూదితో వచ్చిన ముప్పును మాత్రతో దించుకున్నారు.

పసరు మందు సంగతి

"మా ఊళ్లో కామెర్లకు పసరు పోస్తారు. తగ్గుతాండాది గదా?" అని పెద్దక్క అడిగింది.

మంచి ప్రశ్న. కామెర్లు చాలా రకాలు. చెడ్డ నీళ్లతో వచ్చే కామెర్లు హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ వైరస్‌ల వల్ల వస్తాయి. అవి ఎక్కువ మందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది. అందుకే ఒకరి మాట వినగానే నమ్మకూడదు. తాగినవాళ్లను, తాగనివాళ్లను పక్కపక్కన పెట్టి చూడాలి. కానీ గర్భిణులకు ఇ రకం చాలా ప్రమాదం. వాళ్లకు కామెర్లు వస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి. సి రకం పసరుతో పోదు. కొన్ని పసర్లు కాలేయాన్నే చెడగొడతాయి.

మందు వాడేటప్పుడు

మాత్ర ఒక్క రోజూ మానకూడదు. బాగుంది కదా అని మధ్యలో ఆపకూడదు. వేరే జబ్బులకు వాడే మాత్రలన్నీ డాక్టరుకు చూపించాలి. గుండె మాత్రలు, టి.బి. మాత్రలు, గ్యాసు మాత్రలు కూడా చూపించాలి. కొన్ని ఈ మందుతో పొసగవు. గర్భంతో ఉంటే ముందే చెప్పాలి. హెపటైటిస్ బి పరీక్ష కూడా మందుకు ముందే చేయించుకోవాలి. కాలేయం గట్టిపడి ఉంటే మందు వేరుగా ఉంటుంది. కొందరికి 24 వారాలు వాడతారు.

ఈ మందుతో 100 మందిలో కొద్ది మందికి వైరస్ పోదు. అది వాళ్ల తప్పు కాదు. వాళ్లకు వేరే మందు ఉంది. అందుకే పరీక్షకు రావాలి. రాకపోతే పోలేదని కూడా తెలియదు.

నయమైనాక కూడా రెండు సంగతులు. కాలేయం అప్పటికే గట్టిపడినవాళ్లు ఆరు నెలలకు ఒకసారి స్కానింగ్ చేయించుకోవాలి. రెండోది, ఈ జబ్బుకు టీకా లేదు. బి రకానికి టీకా ఉంది, సి రకానికి లేదు. ఒకసారి నయమైనా చెడ్డ సూదితో మళ్లీ రావచ్చు. సూది వేసేముందు "కొత్త సూది కవరు నా ముందర చించండి" అని అడగండి. అడగడం తప్పు కాదు.

పెద్దక్క కాగితం

బడిలో పెద్దక్క కాగితాలు వరుసగా పెట్టాం. మే నెల కాగితం యాంటీబాడీ పరీక్షది. ఆర్.ఎన్.ఎ. పరీక్ష చేయనే లేదు.

"అంటే మచ్చ చూసి అమ్మవారు అన్నారా?" అంది పెద్దక్క.

కొంగు ముడి విప్పింది. కమ్మలు చెవులకు పెట్టుకుంది.

మార్చి 30 నుంచి 84 రోజులు లెక్క వేశాం. జూన్ 22 వచ్చింది. అది ఆదివారం. మరుసటి రోజు సోమవారం, పొద్దున్నే వదిన, ఆడబిడ్డ ఇద్దరూ సర్కారు ఆసుపత్రికి పోయారు. "ఆర్.ఎన్.ఎ. పరీక్ష కావాలి. మందు ఆపి 12 వారాలు అయింది" అని పెద్దక్కే అడిగింది. రక్తం తీశారు. కొన్ని రోజులకు కాగితం వచ్చింది. "నాట్ డిటెక్టెడ్" అని ఉంది. కింద తెలుగులో "వైరస్ లేదు" అని రాయించుకుంది. ఆ కాగితం ఇప్పుడు రేషను కార్డుతో పాటు పెట్టెలో ఉంది.

గుర్తుంచుకోండి

1. యాంటీబాడీ మచ్చ లాంటిది. నయమైనా ఉంటుంది.
2. వైరస్ ఉందో లేదో చెప్పేది ఆర్.ఎన్.ఎ. పరీక్ష.
3. ఆఖరి మాత్ర తర్వాత 12 వారాలు ఆగి పరీక్ష చేయించుకోవాలి.
4. పరీక్ష కాగితాలన్నీ తేదీల వరుసలో దాచుకోవాలి.
5. అప్పు చేసే ముందు, నగ కుదువ పెట్టే ముందు, కాగితం చదివించుకోవాలి.

లెక్క చేయండి

1. ఒక చెల్లెలు ఏప్రిల్ 1న ఆఖరి మాత్ర వేసుకుంది. 84 రోజుల తర్వాత ఏ తేదీ వస్తుంది? క్యాలెండరు చూసి చెప్పండి.
2. 100 మంది మందు మొదలు పెట్టారు అనుకుందాం. 80 మంది మాత్రమే ఆఖరి పరీక్షకు వచ్చారు. వాళ్లలో 76 మందికి వైరస్ లేదు. ఎంత మందికి నయమైందని మనకు తెలుసు? ఎంత మంది సంగతి తెలియదు? వాళ్లను లెక్కలో నుంచి తీసేస్తే ఏమవుతుంది?

మాట్లాడుకుందాం

1. పెద్దక్క మొదట ఎందుకు భయపడింది? ఆ భయం ఎట్లా పోయింది?
2. మీ ఊళ్లో సూది వేసేవాళ్లు కొత్త సూది వాడుతున్నారా? ఎట్లా తెలుసుకుంటారు?
3. "నాకు తగ్గింది, నువ్వూ వాడు" అని ఎవరైనా ఒక మందు చెబితే, మీరు ఏమి అడుగుతారు? రెండు ప్రశ్నలు మీ పలక మీద రాయండి.
4. మీ ఇంట్లో ఉన్న ఒక ఆసుపత్రి కాగితం రేపు బడికి తీసుకురండి. దాని మీద తేదీ, పేరు, పరీక్ష పేరు ఎక్కడ ఉన్నాయో కలిసి వెతుకుదాం.